ఒంటిచేతి అమ్మ

దిన్నె చూడవచ్చే జనానికి నేను చెప్పినన్ని అబద్ధాలు మా తాలూకాలో ఇంకెవరూ చెప్పి ఉండరు. ఈ దిన్నె కింద సొరంగం ఉందని చెప్పాను. అందులో దూరిన మేక ఒకటి వారం తిరక్కుండా కృష్ణ అవతలి ఒడ్డున తేలిందనీ, తేలేసరికి దాని కొమ్ములకు బంగారు తొడుగులున్నాయనీ చెప్పాను. అదంతా విని, నా బంకులో ఇంకో టీ చెప్పి, ఆ మేక ఏ రంగుదని అడిగినవాళ్లున్నారు. నల్లదన్నాను. తలలూపారు. అన్నీ నమ్మారు గానీ ఒక్కటి మాత్రం ఎవరూ నమ్మలేదు. “తాతా, భలే అల్లావు!” అని భుజం తట్టి బస్సెక్కేస్తారు. అది మా గురవమ్మ వదిన చేతి సంగతి.

మా ఊరు చిలకలదిన్నె. పల్నాటి ఎండకు రాళ్లు కూడా నీడ వెతుక్కునే చోటు. ఊరికి పడమట పాత బౌద్ధ స్తూపం ఒకటి మట్టిలో కూరుకుపోయి దిన్నెలా ఉండేది. తవ్వకాలవాళ్లు వచ్చి దాని చుట్టూ ఉన్న సున్నపురాతి పలకల్ని ఒక్కొక్కటే బయటపెట్టారు. వాళ్లు రాకముందు నుంచీ, మా తాతలకు తాతల కాలం నుంచీ, ఒక పలక మాత్రం బయటే నిలబడి ఉండేది. దాని మీద ఒక ఆడమనిషి. ఎడమ చంకలో బిడ్డ. కుడి చెయ్యి పైకెత్తి ఉంటుంది గానీ మణికట్టు దాటి ఏమీ లేదు, విరిగిపోయింది. అందుకే ఊళ్లో ఆమెను ఒంటిచేతి అమ్మ అంటారు.

ఊళ్లో ఎవరు నీళ్లాడినా అమ్మ దగ్గరకు పోవాల్సిందే. పోయేది బాలింత కాదు, గురవమ్మ వదిన. అంతకుముందు వాళ్లత్త పోయేది. బెల్లం నీళ్లతో పలకను కడిగి, తడిపిన పసుపుకొమ్ముతో అమ్మ మోకాలి మీద రుద్దితే గంధంలా తెల్లటి పొడి దిగుతుంది. దాన్ని చిటికెతో తెచ్చి బిడ్డ నాలుక్కి రాస్తారు. ఎముక గట్టిపడుతుందని. అట్లా రుద్దీ రుద్దీ అమ్మ మోకాలి దగ్గర దోసెడు నీళ్లు నిలిచేంత గుంట పడింది. ఈ పని ఆడవాళ్లది. మొగాళ్లు చూసినా చూడనట్టే ఉండాలి. దాని గురించి మాట్లాడటం కూడా ఉండదు. పొద్దు పొడవటం గురించి ఎవరైనా పనిగట్టుకుని మాట్లాడతారా? ఇదీ అంతే.

గురవమ్మ మా పెదనాన్న కొడుకు భార్య. మా అన్న చిన్నవయసులోనే పోతే, మిరపచేలల్లో కాయలు కోసి ఒక్కగానొక్క కూతుర్ని చదివించింది. ఆ పిల్ల హైమావతి. కంటికి కనపడని జీవాల చదువు చదివి డాక్టరయింది. సూది వేసే డాక్టరు కాదు. ఆ మాట మొదటిసారి విన్నప్పుడు, “సూది వేయనిదానివి డాక్టరువి ఎట్టయ్యావే?” అని అడిగితే, “నీ నాలుక్కి వేస్తాలే బాబాయ్,” అంది. మాటకు మాట చెప్పడంలో తల్లి పోలికే.

అలాంటి హైమ, నగరంలో ప్రయోగశాలలు వదిలి మా దిన్నె మీదికే ఉద్యోగానికొచ్చింది. వస్తూ ఒక సీసా తెచ్చింది. నా బంకు ముందు కూర్చునే సున్నపురాతి బల్లకు బెత్తెడు చీలిక ఉండేది. హైమ ఆ సీసాలోది కుంచెతో చీలికలో పూసింది. పల్చటి కల్లులా ఉంది.

“తాగకు బాబాయ్,” అంది నా చూపు చూసి.

“ఇంతకీ ఏందిది?”

“రాతిజీవం. ఇవి సున్నం తిని సున్నం పెడతాయి. విరిగిన అంచు తగిలితే ఒకదానికొకటి కబురు పెట్టుకుని, అక్కడ ఏముండాలో అది కడతాయి. ఒంటికి దెబ్బ తగిలితే చర్మం మానదూ? అట్టా.”

మిరపనారు చేతికొచ్చేసరికి ఆ చీలిక పూడింది. వేలు పెట్టి వెతికినా దొరకలేదు. నేనూరుకుంటానా?

“ఒసే హైమా, నా ముందరి పళ్లకు కూడా కాస్త రాయవే. మళ్లీ పెళ్లిచూపులకు పోతా.”

“ఒంటి వేడికి అవి బతకవు. అన్నీ చూసే తెచ్చాం. నీ పళ్లు మొలవవు గానీ టీ పొయ్యి.”

అన్నీ చూసే తెచ్చారు. నిజమే. ఎలుకల మీద చూశారు, నెత్తురు చుక్కల మీద చూశారు, చేతులకు పూసుకుని మరీ చూశారు. చూడనిది ఒక్కటే.

దిన్నె చుట్టూ ఇనప కంచె వేశారు. ముట్టుకోరాదని ఒకటి, తవ్వరాదని ఒకటి బోర్డులు పెట్టారు. నేను బంకు ముందు తాటాకు పందిరి కోసం గుంజ పాతుకుంటుంటే హైమ పరుగెత్తుకొచ్చి పలుగు లాక్కుంది. “కాపాడే జాగాలో జానెడు గొయ్యి తీసినా తప్పే బాబాయ్. కింద ఏముందో మనకేం తెలుసు?” సొంత బాబాయినే ఎండలో నిలబెట్టింది. అంత నిక్కచ్చి మనిషి.

ఆ సంవత్సరం హైమ ఊళ్లోనే ఉన్నా ఇల్లు చేరింది తక్కువ. దిన్నె పక్కన రేకుల షెడ్డులో చిన్న ప్రయోగశాల పెట్టుకుని అక్కడే తినడం, అక్కడే పడుకోవడం. వదిన ఎవరో ఒకరికిచ్చి క్యారియర్ పంపేది. అది నా బంకులో ఆగి, మూత తెరుచుకుని, ఒక జొన్నరొట్టె బరువు తగ్గి షెడ్డుకు చేరేది. వదిన రొట్టె తడితే పల్చగా, తామరాకంత. నా రెండు చేతులూ పెట్టినా అంత గుండ్రం రాదు.

రాతిజీవం పూసిన పలకల్లో ముందుగా మానింది అమ్మ మోకాలే. ఎన్నో తరాల గుంట మెల్లమెల్లగా పూడి నున్నగా తేలింది. ఊరి ఆడవాళ్లకు సంబరం. అమ్మకు మనమీద దయ కలిగింది, రుద్దేకొద్దీ మళ్లీ ఇస్తోంది అనుకున్నారు. హైమ పై ఆఫీసరు విశ్వేశ్వరంగారు నగరం నుంచి దిగి, మోకాలిని భూతద్దంతో చూసి, “అమ్మాయ్ హైమా, రెండు వేల ఏళ్ల గాయాన్ని మాన్పించావు,” అన్నారు. మంచి మనిషి. కళ్లల్లో నీళ్లు కూడా తిరిగాయి.

తర్వాత అమ్మ మణికట్టు మీద మొగ్గలాంటిది లేచింది.

ఇది ఎవరూ అనుకోలేదు. చీలిక పూడటం వేరు, లేని చెయ్యి మొలవటం వేరు. ఆ చేతిలో ఏముండేదో ఎవరికీ తెలీదు. తామరపువ్వని ఒక పండితుడు, మామిడిపండని ఒకాయన, అభయమిస్తోందని ఒకావిడ ఏళ్ల తరబడి వాదించుకుంటున్నారట. వాళ్లంతా ఇప్పుడు కార్లేసుకొచ్చి నా బంకు చుట్టూ చేరారు. నేను మాత్రం, “అమ్మ చేతిలో ఉండేది అప్పడాల కర్ర. మొగుడు పొద్దుపోయి వచ్చినట్టున్నాడు,” అన్నాను. అభయమన్న ఆవిడ ఒక్కతే నవ్వింది.

అరచెయ్యి వచ్చింది. వేళ్లు వచ్చాయి. పువ్వూ లేదు, పండూ లేదు. బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలిపి, చిటికెడు ఏదో పట్టుకున్నట్టుంది. విశ్వేశ్వరంగారు ముద్రల పుస్తకాలన్నీ తిరగేశారు. ఆఖరున చిటికెనవేలు వచ్చింది. వంకరగా. రెండో కణుపు దగ్గర బయటికి తిరిగి, కొడవలి మొనలా.

“ఇది శిల్పి పొరపాటు కాదు,” అన్నారు విశ్వేశ్వరంగారు. “ఎవరో బతికున్న మనిషిని ఎదురుగా పెట్టుకుని చెక్కాడు. ఎవరో ఒక తల్లిని. చూడండి, ఎంత గొప్ప సంగతి ఇది!”

పండితులు చప్పట్లు కొట్టారు. హైమ కొట్టలేదు. పలకకు దగ్గరగా పోయి ఆ చిటికెనవేలి వైపు చూసి, ఇటు తిరిగి నా మొహం చూసింది. నేనూ దాన్నే చూస్తున్నాను. కొత్త కోడలుగా వచ్చిన ఏడు, రుబ్బురోలు పొత్రం మీద పడి వదిన చిటికెనవేలు అట్లా వంకరపోయింది. నాటు వైద్యుడికి కట్టు కట్టడం రాలేదు. ఆ వేలు మా ఊళ్లో ఎవరికి తెలీదు?

“బాబాయ్,” అంది మెల్లగా, “క్యారియర్లో రొట్టె వచ్చి ఎన్నాళ్లయింది?”

అప్పుడు తట్టింది. చాలాకాలంగా అన్నమే వస్తోంది. నడుం నొప్పి, రొట్టె తట్టలేకున్నానని కబురు పెట్టింది వదిన. నేను కూడా అన్నంలో ముద్ద తగ్గించి ఊరుకున్నాను.

మేం ఇంటికి పోయేసరికి వదిన వాకిట్లో కూర్చుని ఎడమచేత్తో చింతకాయలు ఒలుస్తోంది. కుడిచెయ్యి కొంగులో చుట్టి ఉంది.

“ఏందమ్మా, మధ్యాన్నమే వచ్చావు? ఆకలైందా? ఏమయ్యా సాంబయ్యా, దాని క్యారియర్ మొత్తం నువ్వే తిన్నావా ఏంది?”

“అమ్మా, రొట్టె చేసిపెట్టు,” అంది హైమ.

“నడుం లేవటంలేదే.”

“నడుంతో తడతావా రొట్టె? చెయ్యి చూపించు.”

“చేతికేముంది? మొద్దుబారింది. ఈ వయసులో...”

హైమ కొంగు లాగింది. బొటనవేలూ చూపుడువేలూ కొసలు కలిసిపోయి ఉన్నాయి. విడిపోవు. తెల్లగా, నున్నగా, ఎండ పడితే మెరుస్తూ, అచ్చం పలక రంగు. అరచెయ్యి సగం దాకా అదే. నేను గోరుతో తట్టాను. టక్కుమంది. తట్టకుండా ఉండాల్సింది. ఆ చప్పుడికి హైమ మొహం వాడిపోయిన తీరు నేను మర్చిపోలేను.

“నొప్పి లేదులే,” అంది వదిన. “నొప్పి లేదు, తిమ్మిరీ లేదు. ఏమీ లేకపోవటమే కాస్త బాగోలేదు.”

“కంచె వేశాక కూడా పోయావా?”

“పోకుండా ఎట్టా? ఊళ్లో కాన్పులు ఆగుతాయా? మీ కాపలావాడి పెళ్లాం నీళ్లాడితే వాడే గేటు తీసి అటు తిరిగి నిలబడ్డాడు. నీకు చెబితే నీ ఉద్యోగానికి మాటొస్తదని చెప్పలా. నీ ఆఫీసర్లకు తెలిస్తే తల్లే పలక గీకిందంటారు.”

హైమ అరుగు మీద కూలబడింది. తనలో తాను మాట్లాడుకున్నట్టు చెప్పింది. బెల్లం నీళ్లు. షెడ్డులో తను నెలకోసారి చుక్కలు చుక్కలుగా పోసే మేతకంటే పదింతలు బలమైన మేత. దాని మీద తడి పసుపు, దాని మీద వెచ్చటి చెయ్యి, ఒకే చెయ్యి, ఒకే చోట, మళ్లీ మళ్లీ. ఒంటి వేడికి బతకనివి ఆ చేతి వేడికి కొంచెం కొంచెంగా అలవాటుపడ్డాయి. విరిగిన చెయ్యి ఎట్లా ఉండేదో వాటికేం తెలుసు? వాటికి తెలిసిన చెయ్యి ఇదొక్కటే. దీన్ని చూసి అక్కడ కట్టాయి. అక్కడిది చూసి ఇక్కడా కడుతున్నాయి.

“నాకు తెలుసు బాబాయ్,” అంది. “నా నాలుక్కి కూడా రాసిందిగా అమ్మ. చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పింది! షెడ్డులో కూర్చుంటే అది సున్నపురాయి. ఇంటికొస్తే అమ్మ. రెండూ ఒకటేనని నాకెందుకు తోచలా?”

వెంటనే లేచింది. “పిల్లలు!” అని పరుగు. ఆ ఏడు పుట్టిన ప్రతి బిడ్డ ఇంటికీ పోయి, నోరు తెరిపించి, నాలుక మీద దూదితో తుడిచి, షెడ్డుకు తెచ్చి చూసింది. అందులో నా మనవరాలు కూడా ఉంది. బోసినోరు తెరిచి అది నవ్వింది. ఆ సాయంత్రం జనం ముందు ఒక్క అబద్ధం కూడా నా నోట రాలేదు. పొద్దుగూకేలోపు హైమ వచ్చి, “ఎవరికీ ఏం లేదు. కడుపులో పులుపుకు అవి కరిగిపోయాయి,” అని చెప్పి, నా బల్లకు ఆనుకుని ఏడ్చింది. చీలిక పూడిన ఆ బల్లకే.

పిల్లలు బయటపడ్డారు. వదిన మిగిలింది. రాయి రోజురోజుకూ మణికట్టు వైపు పాకుతోంది.

హైమ దగ్గర విరుగుడు లేకపోలేదు. రాతిజీవాన్ని తినే ఇంకో జీవాన్ని ముందుజాగ్రత్తకు పెంచి ఉంచారు. విశ్వేశ్వరంగారూ, హైమా, నేనూ వదిన వాకిట్లో కూర్చున్నాం. హైమ విప్పి చెప్పింది. విరుగుడు చేతికి పూస్తే రాయి కరిగి చెయ్యి వస్తుంది. బలం తక్కువైనా వస్తుంది. కానీ అదీ ప్రాణమున్నదే. గాలికి పోతుంది, ముట్టుకున్నచోటికల్లా పోతుంది. పలక దాకా పోతే పలక ఉండదు. ఎందుకంటే రాతిజీవాలు పాత రాయిని తినే కొత్త రాయి కట్టాయి. ఇప్పుడా పలకలో శిల్పి ముట్టుకున్న రాయి ఎంత మిగిలిందో ఎవరూ చెప్పలేరు. విరుగుడు తగిలితే వానలో ఉప్పుబస్తానే.

“ఇంకో దారి ఉంది,” అంది హైమ. “నిన్ను నగరానికి తీసుకుపోయి అక్కడ పూస్తారు. చెయ్యి వస్తుంది. కానీ అది నీ ఒంట్లో ఉండిపోతుంది. నువ్వు మళ్లీ ఈ ఊళ్లో అడుగు పెట్టకూడదు. నేను నీతోనే ఉంటా.”

“ఎన్నాళ్లు?”

“ఎప్పటికీ.”

వదిన నవ్వింది. “ఇంతేనా? ఇంకేమన్నా ఉందా?”

హైమ పక్కకు తిరిగింది. విశ్వేశ్వరంగారు తల దించుకుని, “మోచేతి కింద తీసేయవచ్చమ్మా. రాయి పైకి పాకకముందే,” అన్నారు. ఆ తర్వాత ఆయన అన్న మాట నాకిప్పటికీ గుర్తుంది. “నా ఉద్యోగం పలకను కాపాడమంటుంది. కానీ మీరు అడిగితే, విరుగుడు ఇక్కడే పూయమని నేనే చెబుతాను.”

“పూద్దామమ్మా,” అంది హైమ, వదిన మోకాళ్లు పట్టుకుని. “అది అసలు రాయే కాదిప్పుడు. మేం పెంచినది. పోతే పోనీ.”

“పెంచినదైతే మాత్రం?” అంది వదిన. “పెంచిన బిడ్డ బిడ్డ కాదంటే? ఊళ్లో ఇన్ని నాలుకలు అమ్మ పెట్టింది తిన్నయ్యి. నీ నాలుక కూడా. నా ఒక్క చేతి కోసం అమ్మను పొడి చేసి, రేపు బాలింతల మొహం ఎట్టా చూడను?”

“అయితే నగరానికి పోదాం.”

“నగరంలో చెయ్యి పెట్టుకుని ఏం చేస్తా? ఎవరికి రొట్టె తట్టను? చెయ్యి లేకపోయినా ఊళ్లో ఉంటానే. ఏమయ్యా సాంబయ్యా, మాట్లాడవేం? రోజూ వాగుతావుగా.”

నేను ఏదో ఒకటి అనాలి కదా అని, “ఇక నా క్యారియర్ సంగతి ఏం గాను వదినా?” అన్నాను. వదిన పెద్దగా నవ్వింది. అది ఎగతాళి కాదని ఆమెకు తెలుసు.

నగరంలో పెద్దాసుపత్రిలో తీశారు. రాతిని కోసే రంపం వేరే తెప్పించాల్సి వచ్చిందట. తీసిన చేతిని పరిశోధనకు ఇమ్మని అడిగితే హైమ ఇవ్వలేదు. సబ్బునీళ్లతో కడిగి, లోపలి జీవాలు చచ్చేదాకా మండే వేడిలో ఉంచి, తెల్లటి గుడ్డలో చుట్టి ఊరికి తెచ్చింది. పైన చల్లగా, బరువుగా, పొత్రంలా ఉంది. చిటికెనవేలు గుడ్డలోంచి బయటికి పొడుచుకొచ్చింది.

“ఎక్కడ పెట్టమంటావు?” అనడిగింది తల్లిని.

“అమ్మ కాళ్ల దగ్గర పెట్టవే.”

మర్నాడు హైమ పొద్దున్నే, అందరూ చూస్తుండగా, కంచె గేటు తీసి లోపలికి పోయింది. తవ్వరాదన్న బోర్డు పక్కనుంచే నడిచింది. పలక ముందు మోకరిల్లి నా వైపు చెయ్యి చాపింది. నేను పలుగు ఇచ్చాను. అదే పలుగు.

“ఇక్కడ గుంజ పాతితేనే తప్పన్నావుగదే,” అన్నాను. ఎందుకన్నానో తెలీదు. నోరు ఊరుకోదు.

“తప్పే బాబాయ్,” అంది తవ్వుతూ. “ఇప్పుడూ తప్పే.”

మట్టి కప్పాక లేచి, అమ్మ మోకాలి వైపు చూసింది. నున్నటి, కొత్త మోకాలు. “అక్కడ గుంట ఉండేది,” అంది. “మా నాయనమ్మ వేలు, వాళ్లత్త వేలు, వాళ్ల ముందువాళ్ల వేళ్లు. కాగితాల్లో దాన్ని గాయమని రాశాను బాబాయ్. ముందుగా మాన్పించింది కూడా దాన్నే. ఈ పలక మీద మనవాళ్లు రాసుకున్నది అదొక్కటే. చేతులారా చెరిపేశాను.”

తర్వాత పలకకు మేత ఆపేశారు. చుట్టూ మందపాటి గాజు పెట్టారు. గాలి కూడా పోదు. లోపల జీవాలు నిద్రపోతున్నాయట, చావలేదట. అమ్మకు ఇప్పుడు రెండు చేతులూ ఉన్నాయి. ఒంటిచేతి అమ్మ అన్న మాట ఊళ్లో మెల్లగా మాసిపోయింది. ఇంకెవరికైనా ఆ పేరు తగులుతుందేమోనని పెద్దవాళ్లు పలకటం మానేశారు.

వదిన మరి కొన్నేళ్లు బతికింది. ఎడమచేత్తో అన్నీ నేర్చుకుంది, రొట్టె తప్ప. ఒంటిచేత్తో తడితే రొట్టె ఒక పక్కకే సాగుతుంది. హైమ షెడ్డు వదిలేసి ఇంటికొచ్చి రొట్టె నేర్చుకుంది. పక్కన కూర్చుని వదిన చెప్పేది, ఇది తట్టేది. ఆ రొట్టెలు మా పల్నాడు పటంలా ఉండేవి. క్యారియర్ దించి చూసి, “ఈ మూల మాచర్లా, ఈ మూల వినుకొండా,” అంటూ తినేవాణ్ని.

కాన్పులు ఆగలేదు. ఎవరింట్లో బిడ్డ పుట్టినా వదినకే కబురు వచ్చేది. బయలుదేరి పోయేది. గాజు ముందు నిలబడి, లోపల ఆ రాతిచేతినీ, అది చిటికెతో పట్టుకున్న ఏమీలేనిదాన్నీ చూసేది. తిరిగొచ్చి బాలింతతో, “ఈసారికి లేదమ్మా,” అని బిడ్డ తల ఎడమచేత్తో నిమిరేది. ఈసారికి అనే అనేది ప్రతిసారీ.

పలక మీది చెయ్యి వదినదేనని విశ్వేశ్వరంగారికి హైమ అప్పుడే చెప్పేసింది. ఆయన పండితులందరికీ చెప్పారు. అసలు కానిది ఏదైనా పలక మీద చేరితే తీసేయాలన్నది వాళ్ల నియమం. పలక పాడవకుండా ఆ పని చేయగలిగింది హైమ ఒక్కతే. వదిన పోయిన ఏడు ఆయన ఫోన్ చేశారు. ఉద్యోగం దిగిపోయే ముందు ఆ పని చూసి పోవాలని ఆయన కోరిక.

“ఆ చెయ్యి అక్కడుంటే అబద్ధమే కదమ్మా హైమా,” అన్నారు.

“అబద్ధమే సార్.”

“తీసేద్దామా మరి?”

హైమ నా బల్ల మీదే కూర్చుని ఉంది. “వానలు వెళ్లనివ్వండి సార్,” అంది.

వానలు వెళ్లాయి. మళ్లీ వచ్చాయి. ఆయన ఉద్యోగం దిగిపోయారు. ప్రతి ఏడూ కొత్త ఆఫీసరెవరో ఫోన్ చేస్తాడు. వానలనో, ఎండలనో, పొగమంచనో, ఏదో ఒకటి వెళ్లాలంటుంది హైమ. పొద్దున వచ్చి గాజు తుడుస్తుంది. తుడుస్తూ తుడుస్తూ ఒకచోట ఆగి, అరచెయ్యి గాజుకు ఆనించి నిలబడుతుంది. గాజుకు అవతల ఆ చిటికె. మధ్యలో బెత్తెడు. ఆ గాజు మందం నిర్ణయించింది హైమే.

నేను ఇటు తిరిగి టీ కాస్తాను.

ఎప్పుడో ఒకప్పుడు, మేమెవరం లేని కాలంలో, మళ్లీ తవ్వకాలవాళ్లు వస్తారు. పలక కాళ్ల దగ్గర మట్టి తీస్తే రాతిచెయ్యి ఒకటి దొరుకుతుంది. పైనున్న చేతికి జోడీ, అదే చిటికె, అదే వంకర వేలు. అమ్మకు మూడో చెయ్యి ఎందుకుందా అని వాళ్లు పుస్తకాలు తిరగేస్తారు. తామరపువ్వన్నాయన మనవడూ, అభయమన్న ఆవిడ మనవరాలూ వాదించుకుంటారు. ఎవడో ఒక తెలివైనవాడు దాన్ని అడ్డంగా కోసి చూస్తాడు. లోపల ఎముకలుంటాయి.

అప్పుడు వాళ్లకు చెప్పడానికి నేనుండను. ఉన్నా ఏం లాభం? వింటారు, నవ్వుతారు, భుజం తడతారు. పోతూ పోతూ మేక సంగతి అడుగుతారు.